కయాక్ మీద గాలం: చెరువుకు ఏది, సాగర్‌కు ఏది, సముద్రానికి ఏది?

నల్లగొండ చుట్టుపక్కల ఉండేవాళ్లకు గాలం వేయడానికి మూడు రకాల నీళ్లు అందుబాటులో ఉన్నాయి. ఒకటి ఊరి చెరువు. రెండోది కృష్ణ మీద, దానిలో కలిసే నదుల మీద కట్టిన జలాశయాలు: నాగార్జునసాగర్, శ్రీశైలం బ్యాక్ వాటర్, జూరాల, డిండి, మూసీ, కోయిల్‌సాగర్. మూడోది సముద్రం. తెలంగాణకు సముద్రం లేదన్న మాటేగానీ, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు ఎక్కితే మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా ఒక పూటలో చీరాల వాడరేవు చేరుకోవచ్చు.

అందుకే కయాక్ (ఒకరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కొనాలనుకునేవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: మంచినీళ్లకు ఏది, ఉప్పునీళ్లకు ఏది? అక్కడ మొదలుపెడితే తప్పు పడవ కొంటారని నా గట్టి అభిప్రాయం. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. మనిషి, సామాను, పడవ కలిపి 130 కిలోలు ఉంటే మంచినీటిలో 130 లీటర్ల నీళ్లు పక్కకు జరుగుతాయి, సముద్రంలో 127. ఈ తేడా కంటికి కూడా ఆనదు. పడవకు తేడా తెచ్చేవి గాలి, అల, ఒడ్డు ఎంత దూరంలో ఉందన్నది. ఆ లెక్కన చూస్తే సాగర్‌ను ఊరి చెరువుతో కాకుండా సముద్రంతో జతకట్టాలి. ఉప్పు సంగతి రీళ్లకు, బోల్టులకు, జిప్పులకు సంబంధించింది. దాన్ని విడిగా చూసుకుందాం.

అసలు కయాక్ అవసరమా

మీకు కావాల్సింది బొచ్చె, రవ్వ అయితే డబ్బు దాచుకోండి. పిండి ఎర కట్టి, ఒకేచోట ఓపికగా కూర్చుని పట్టే చేపలవి. కట్ట మీద నీడ చూసుకుని రెండు రాడ్లు నిలబెట్టుకుంటే సరిపోతుంది. పెద్ద బొచ్చె పడినా కాళ్ల కింద నేల ఉంటుంది. చేప ఉన్న చోటికి మనమే పోవాల్సి వచ్చినప్పుడు కయాక్ పనికొస్తుంది: తామరాకుల మధ్య దాక్కునే కొర్రమీను, మునిగిన మొద్దుల దగ్గర కాచుకుని ఉండే వాలుగ, సముద్రం వైపు పోతే మొగల దగ్గర, అంటే నీళ్లు సముద్రంలో కలిసే చోట్ల, తిరిగే పండుగప్ప. వేటాడే చేపకు కయాక్, మేసే చేపకు కట్ట అని పెట్టుకుంటే చాలామందికి ఖర్చు తప్పుతుంది.

మరి పుట్టి సంగతేంటని పాలమూరు వైపు వాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. మక్తల్ దగ్గర పంచదేవ్ పహాడ్ నుంచి కురువపురం పోయే భక్తులను కృష్ణ దాటించేది పుట్టే కదా. వెదురు అల్లి, పైన పట్టా కప్పి తారు పూసిన పుట్టి మోకాలి లోతు నీళ్లలోనూ తేలుతుంది, రాయి తగిలినా తట్టుకుంటుంది, వల నిండా చేపలు మోస్తుంది. వల వేసే పనికి దాన్ని మించింది లేదు. కానీ గాలం పనికి కుదరదు. రాడ్ విసిరిన ప్రతిసారీ కాస్త తిరుగుతుంది, చేప లాగితే ఇంకా తిరుగుతుంది, ఎదురుగాలి వస్తే ఒక్కడు తోసుకుని రాలేడు. గంగపుత్రులు, ముదిరాజ్‌లు దాని మీద అంత తేలిగ్గా పని చేస్తున్నారంటే అది చిన్నప్పటి నుంచి పట్టుబడిన ఒడుపు. వారానికి ఒకరోజు పోయే మనకు అది రాదు. థర్మకోల్ తెప్ప, లారీ ట్యూబ్ కూడా అంతే. వాటి మీద రోజూ బతికేవాళ్లకు అవి పనిముట్లు, మనకు ప్రమాదం.

చెరువుకు

ముందుగా అనుమతి. చెరువులో చేపల హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. 2016లో మొదలైన ఉచిత చేప పిల్లల పంపిణీలో వచ్చినవైనా, సంఘం సొంత డబ్బుతో పోసుకున్నవైనా, వాళ్ల ఇళ్లు గడిచేది వాటితోనే. సంఘం అధ్యక్షుడిని కలిసి, గాలంతో కొర్రమీను పడతామని, వదిలేస్తామనో లేక రేటు కట్టి తీసుకెళ్తామనో చెప్తే చాలాచోట్ల సంతోషంగానే ఒప్పుకుంటారు. చెప్పకుండా దిగితే గొడవ ఖాయం. ఆ గొడవలో న్యాయం వాళ్ల వైపే ఉంటుంది.

చెరువుకు పోటీ రెండింటి మధ్య: గాలి నింపే కయాక్, తొమ్మిది పది అడుగుల పొట్టి ప్లాస్టిక్ కయాక్.

గాలి నింపేదాని సుఖం తెలిసిందే. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, బైకు మీద కట్టుకోవచ్చు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఉంటూ సెలవులకు ఊరికొచ్చేవాళ్లు మంచం కింద దాచుకోవచ్చు. బరువు పది నుంచి పద్దెనిమిది కిలోల మధ్య ఉంటుంది. కానీ మన చెరువుల్లో దానికి ఒక శత్రువు ఉంది, సర్కారు తుమ్మ. నీళ్లు లేని ఏళ్లలో శిఖం భూమి నిండా మొలిచి, చెరువు నిండగానే మునిగిపోతుంది. పైకి ఏమీ కనిపించదు, జానెడు కింద ముళ్లు నిలబడి ఉంటాయి. పలచటి పీవీసీ వాటికి ఆగదు. కాబట్టి గాలి నింపేదే కొనాలనుకుంటే రెండు విషయాలు చూడండి: అడుగున మందపాటి గుడ్డ పొర ఉండాలి, గాలి గదులు కనీసం మూడు విడివిడిగా ఉండాలి. ఒకటి పోయినా మిగతా రెండూ ఒడ్డుకు చేర్చాలి.

రెండోది మన ఎండ. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపిన గదిలో గాలి ఇరవై ఐదు డిగ్రీలు వేడెక్కితే, గది సాగకపోతే, ఒత్తిడి రెండు పీఎస్ఐ దాటుతుంది. అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. నీళ్ల మీద ఉన్నంతసేపు అడుగు చల్లగా ఉంటుంది కాబట్టి భయం తక్కువ. అన్నం తినడానికని ఒడ్డుకు లాగి, ఎండలో వదిలేసి చెట్టు కిందికి పోతారు చూడండి, కుట్లు విడిపోయేది అప్పుడే. ఒడ్డుకు రాగానే కొంచెం గాలి తీసేయాలి, లేదా పడవను కూడా నీడకు తెచ్చుకోవాలి.

పొట్టి ప్లాస్టిక్ కయాక్‌కు ఈ టెన్షన్ లేదు. ముల్లు గీత పెడుతుంది, అంతే. ముప్పై రెండు, ముప్పై నాలుగు అంగుళాల వెడల్పు ఉంటే కదలకుండా కూర్చుంటుంది, తూటి పొదల మధ్య చటుక్కున తిరుగుతుంది. ఇంటి దగ్గర పెట్టుకునే చోటు, మోయడానికి ఇంకొక మనిషి ఉంటే చెరువుకు దీన్నే తీసుకోమంటాను.

కొర్రమీను దగ్గర ఈ ఎంపిక విలువ తెలుస్తుంది. మన రాష్ట్ర చేప అది. గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది. ఆ చిన్న బుడగ చూసి, చప్పుడు కాకుండా ఇరవై అడుగుల దూరం దాకా జారుకుంటూ పోయి, ఆకుల మీదుగా రబ్బరు కప్ప ఎరను లాగాలి. తెడ్డు పడవ అంచుకు తగిలిన చప్పుడుకే అది కిందికి పోతుంది. తెడ్డు పెట్టే చోట పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి. ముప్పై, నలభై పౌండ్ల అల్లిక దారం వాడండి. ఆకుల్లో చిక్కుకున్న చేపను లాగడానికి అంత బలం కావాల్సిందే. ఎర్రటి పిల్లల గుంపుతో తిరుగుతున్న కొర్రమీను కనిపిస్తే మాత్రం గాలం వేయకండి. పిల్లలను కాచుకునే చేప కోపంతో దేన్నైనా కొడుతుంది, తేలిగ్గా పడుతుంది. తల్లిదండ్రులు పోతే ఆ గుంపు మొత్తం మిగతా చేపలకు మేత అయిపోతుంది.

సాగర్, శ్రీశైలం, జూరాల

పొరపాటు ఎంపిక ప్రాణం మీదికి తెచ్చేది ఇక్కడ. నాగార్జునసాగర్ నిండితే 285 చదరపు కిలోమీటర్ల నీళ్లు. గాలికి అడ్డు లేకుండా ఎంత దూరం నీళ్లు ఉంటే అల అంత పెరుగుతుంది. పైగా జలాశయపు అల సముద్రపు అల లాంటిది కాదు. సముద్రపు పెద్ద అల పొడవుగా వచ్చి పడవను ఎత్తి దించుతుంది. జలాశయంలో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎత్తు తక్కువైనా పడవను కుదిపేస్తాయి, పక్క నుంచి వస్తే నీళ్లు లోపలికి కొడతాయి. చెరువులో హాయిగా ఉన్న తొమ్మిది అడుగుల కయాక్ ఇక్కడ మధ్యాహ్నం గాలికి ముందుకు సాగదు. గాలి నింపినదైతే నీటి పైనే తేలుతూ గాలి ఎటు తోస్తే అటు పోతుంది. గాలి నింపే పడవతో పెద్ద జలాశయం మధ్యకు పోవద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇక్కడ కావాల్సింది పదకొండు నుంచి పన్నెండున్నర అడుగుల పొడవు, ముప్పై నుంచి ముప్పై మూడు అంగుళాల వెడల్పు ఉన్న పాలిథిలిన్ (గట్టి ప్లాస్టిక్) కయాక్. పొడవు పెరిగితే తెడ్డు దెబ్బకు ఎక్కువ దూరం పోతుంది, సూటిగా పోతుంది. వెడల్పు మరీ పెంచితే నిలబడి గాలం వేయొచ్చుగానీ తిరుగు ప్రయాణంలో భుజాలు పోతాయి. షాపులో అమ్మేవాళ్లు నిలబడి చూపించే ముప్పై ఆరు అంగుళాల పడవలు చూడ్డానికి బాగుంటాయి. వాటిని చిన్న నీళ్లకే ఉంచండి.

సిట్ ఆన్ టాప్ (పడవ పైన కూర్చునేది), సిట్ ఇన్‌సైడ్ (లోపల కాళ్లు పెట్టి కూర్చునేది) రెండింట్లో ఏదన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. సిట్ ఇన్‌సైడ్ బోల్తా పడితే లోపల నీళ్లు నిండుతాయి. నడి నీళ్లలో ఒక్కడే తోడి, ఎక్కడం శిక్షణ ఉన్నవాళ్లకే కష్టం. సిట్ ఆన్ టాప్ మూసి ఉన్న డబ్బా లాంటిది, తిరగేస్తే మళ్లీ తేలుతుంది, పైన పడ్డ నీళ్లు రంధ్రాల గుండా వాటంతట అవే పోతాయి. చల్లటి దేశాల్లో ఒళ్లు తడవకుండా ఉండటానికి సిట్ ఇన్‌సైడ్ వాడతారు. నలభై డిగ్రీల ఎండలో మనకు తడవడం హాయే.

ఎక్కువమంది తేల్చుకోలేనిది తెడ్డా, పెడలా అన్నది. కాళ్ల బలం చేతుల కంటే ఎక్కువ. పెడల్ తొక్కుతుంటే రెండు చేతులూ రాడ్ మీద ఉంటాయి, గాలిలో కూడా ఒకేచోట నిలబడొచ్చు, ఎరను వెనక లాగుతూ కిలోమీటర్ల కొద్దీ పోవచ్చు. ఇవన్నీ నిజమే. అయినా మన నీళ్లకు నేను తెడ్డు వైపే మొగ్గుతాను. మూసీలో గుర్రపుడెక్క ఉంది, అది పెడల్‌తో పడవ కింద తిరిగే ఫ్యానుకు చుట్టుకుంటుంది. జలాశయాల్లో మత్స్యకారులు కట్టిన నైలాన్ వలలు నీటి పైభాగానికి దగ్గరగానే ఉంటాయి. పెడల్ ఫ్యాను వలకు తగిలితే మీ ప్రయాణం ఆగిపోతుంది, వాళ్ల వల చిరుగుతుంది. వేసవిలో నీళ్లు దిగాక పాత చెట్ల మొద్దులు, బండలు పైకి వస్తాయి. పెడల్ దానికి అడుగున్నర లోతైనా కావాలి. వీటికి తోడు బరువు: పెడల్ కయాక్ సీటుతో కలిపి నలభై కిలోలు దాటుతుంది. మే నెలలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు రోడ్డు నుంచి నీటి అంచు దాకా బురద మీద ఆ బరువు లాగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ధర తెడ్డు కయాక్‌కు రెట్టింపు పైనే. ఆ మిగిలిన డబ్బులో తేలికపాటి తెడ్డు, మంచి లైఫ్ జాకెట్ కొనండి. వెడల్పు పడవకు 240 సెంటీమీటర్ల తెడ్డు సరిపోతుంది. మోకాళ్లు బాగుండి భుజం నొప్పి ఉన్నవాళ్లకు, లేదా ఎప్పుడూ లోతు నీళ్లలోనే తిరిగేవాళ్లకు పెడల్ సరైనదే.

పడవ మీద రాసి ఉండే మోత సామర్థ్యాన్ని పూర్తిగా నమ్మకండి. అందులో మూడింట రెండు వంతులే మీదనుకోండి. ఎనభై కిలోల మనిషి, ఇరవై కిలోల సామాను, ఐదు లీటర్ల తాగునీళ్లు, పట్టిన చేప కలిపితే 110 కిలోలు. అంటే 165 కిలోల పడవ కావాలి.

గాలి లెక్క కూడా చెప్పాలి. మామూలు మనిషి కయాక్ నడిపేది గంటకు నాలుగైదు కిలోమీటర్లు. గాలి గంటకు ఇరవై కిలోమీటర్లు దాటితే దానికి ఎదురు పోవడం నత్తనడకే. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఇంతకన్నా బలంగా వీచే రోజులు చాలా ఉంటాయి. పొద్దున గాలికి ఎదురుగా పోయి, అలసిపోయాక గాలితో పాటు తిరిగి రావాలి. అలసట లేని వేళ కష్టం, అలసిన వేళ సుఖం అన్నట్టు దారి ఎంచుకోవాలి.

మూడు చోట్లకు మాత్రం పోవద్దు. డ్యామ్ కింది భాగానికి: గేట్లు ఎత్తినా, కరెంటు కోసం నీళ్లు వదిలినా నిమిషాల్లో మట్టం పెరుగుతుంది. అనుమతి లేకుండా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచు నీళ్లలోకి: శ్రీశైలం బ్యాక్ వాటర్ చాలావరకు అడవికి ఆనుకునే ఉంటుంది, అటవీ శాఖ ఒప్పుకుంటేనే దిగాలి. మొసళ్లు ఎండ కాగే దిబ్బల దగ్గరికి: కృష్ణలో, జూరాల వైపు మొసళ్లు ఉన్నాయి. పట్టిన చేపను తాడుకు కట్టి నీళ్లలో వేలాడదీసే అలవాటు అక్కడ మానుకోండి.

మూసీ గురించి ఒక్క మాట. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే నది అది. గాలం సరదా వరకు సరే, ఆ చేపను నేను ఇంటికి తేను.

సముద్రానికి

సముద్రం కోసమని విడిగా పడవ కొనకండి. ఏడాదికి కొన్నిసార్లు పోయే మనకు సాగర్ కోసం కొన్న పన్నెండు అడుగుల పడవే చాలు, అదీ మొగల్లో, క్రీకుల్లో (సముద్రపు నీరు లోపలికి వచ్చే కాలువల్లో). నిజాంపట్నం వైపు ఉండే క్రీకుల్లో అల తక్కువ. పోటు వచ్చేటప్పుడు లోపలికి, పాటు మొదలయ్యాక బయటికి నీరు లాగుతుంది. చిన్న కాలువ పెద్ద దాంట్లో కలిసే మూల దగ్గర పాటు వేళ పండుగప్ప కాచుకుని ఉంటుంది, నీటితో పాటు బయటికొచ్చే చిన్న చేపల కోసం. అదే పాటు మిమ్మల్ని కూడా సముద్రంలోకి లాగుతుందని మరిచిపోవద్దు. మొగకు దూరంగా, లోపలి వైపే ఉండండి.

సూర్యలంక, వాడరేవు లాంటి బీచ్ నుంచి నేరుగా దిగాలనుకునేవాళ్లకు అసలు పరీక్ష ఒడ్డు దగ్గర విరిగే అలలు. పోయేటప్పుడు ముక్కు నిటారుగా అలకు ఎదురు పెట్టి, పెద్ద అలల వరస అయిపోయాక దిగాలి. వచ్చేటప్పుడు పడవ అడ్డం తిరిగితే బోల్తానే. పడితే పడవకూ ఒడ్డుకూ మధ్యన మీరు ఉండకూడదు, అల ఆ పడవను తెచ్చి మీ మీద వేస్తుంది. సముద్రం వైపు ఉండి పట్టుకోవాలి. రాడ్లు, పెట్టె, ఫోను అన్నీ కట్టేసి ఉండాలి. మొదటి రోజు గాలం తీసుకుపోకుండా ఖాళీ పడవతో ఈ దిగడం, రావడం మాత్రమే చేయండి.

తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, ఎండ ఎక్కాక సముద్రం నుంచి ఒడ్డుకు తిరుగుతుంది. తెప్పల మీద వేటకు పోయేవాళ్లు తరతరాలుగా దీన్ని వాడుకుంటున్నారు. కానీ పొద్దున గాలి మిమ్మల్ని తేలిగ్గా లోపలికి తీసుకుపోతుంది కాబట్టి ఎంత దూరం వచ్చారో తెలియదు. ఒడ్డు మీద ఒక గుడి గోపురమో, టవరో గుర్తు పెట్టుకుని, అది చిన్నదవుతుంటే ఆగిపోవాలి. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, గాలి అంచనాలు ఇస్తుంది. అల అర మీటరు దాటే రోజు కొత్తవాళ్లు దిగొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, జనవరి నుంచి మార్చి దాకా కాస్త నెమ్మది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. మోటారు లేని నాటు పడవలకు అది వర్తించదుగానీ, కయాక్‌కు బ్యాటరీ మోటారు తగిలిస్తే ఆ మినహాయింపు మీకు ఉందని అనుకోవద్దు. వంజరం కోసం నడి సముద్రానికి పోవాలని ఉంటే అక్కడి మత్స్యకారుల ఫైబర్ పడవలో, వాళ్లకు రోజు కూలి కట్టి పోవడం మేలు.

ఉప్పు చేసే పని

సాగర్‌లో ఏళ్లు నడిచిన రీలు సముద్రంలో ఒక రోజు వాడి కడగకుండా పెడితే వారంలో బిగుసుకుపోతుంది. కొర్రమీనుకు 2500, 3000 సైజు రీలు చాలు. పండుగప్పకు 4000 తీసుకోండి, లోపలికి నీళ్లు పోకుండా సీలు వేసినది. దాని మొప్పల అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి దారం చివర నలభై పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎరకు ముందు ఉండే గట్టి దారం ముక్క) కట్టాలి. కయాక్‌కు మీరే అదనంగా బిగించే రాడ్ హోల్డర్లకు 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి. 304 మంచినీటికి చాలు, ఉప్పుకు మచ్చలు పడుతుంది. అల్యూమినియం పట్టీకి స్టీలు బోల్టు నేరుగా తగిలితే ఉప్పునీళ్లలో అల్యూమినియం తినుకుపోతుంది, మధ్యలో నైలాన్ వాషర్ వేయండి. ఇంటికొచ్చాక రీలు డ్రాగ్ (దారం జారే బిగువును సరిచేసేది) బిగించి సన్నటి ధారతో కడిగి, ఆరాక వదులు చేసి పెట్టాలి. లైఫ్ జాకెట్ జిప్పు మరిచిపోతారు, ముందు పాడయ్యేది అదే.

కొనేముందు

కొత్తదైనా పాతదైనా డబ్బు ఇచ్చే ముందు నీళ్లలో దింపి చూడాలని పట్టుబట్టండి. లైఫ్ జాకెట్ వేసుకుని, నడుము లోతు నీళ్లలో కావాలని బోల్తా కొట్టి, పడవను తిప్పి, పక్క నుంచి పొట్ట మీద ఎగబాకి, మళ్లీ సీట్లో కూర్చోండి. ఐదు నిమిషాల్లో ఒంటరిగా ఎక్కలేకపోతే ఆ పడవ మీ ఒంటికి సరిపడదు, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. పాత ప్లాస్టిక్ పడవ అయితే తిరగేసి రెండు చోట్లు చూడండి: వెనక భాగంలో అడుగు గీత, ఎందుకంటే అందరూ అక్కడే నేల మీద ఈడుస్తారు, ఇంకా నీళ్లు పోయే రంధ్రాల లోపలి అంచులు, పడవను తోసుకెళ్లే చిన్న బండి కడ్డీలు అక్కడే దూర్చుతారు కాబట్టి పగుళ్లు వచ్చేది అక్కడే. ఆ తర్వాత ఒక గంట నీళ్లలో ఉంచి, పైకి తీసి, ఊపి వినండి. లోపల నీళ్ల చప్పుడు వస్తే బేరం ఆపేయండి.